బడి గేటు దగ్గర తలగుడ్డ: మన రాష్ట్రంలో అలాంటి చట్టం ఉందా?

కత్తెర_కర్నూలు | ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. కర్నూలు వన్‌టౌన్‌లో నాది కుట్టు దుకాణం. ఇరవై రెండేళ్లుగా బడి యూనిఫాంలు కుడుతున్నాను. జూన్ వచ్చిందంటే పెళ్లిళ్ల సీజన్‌ కన్నా ఎక్కువ పని. ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించి, చివరికి రాస్తున్నాను.

మా దగ్గర్లో ఒక ప్రైవేటు బడి ఉంది, పేరు చెప్పను. అక్కడ ఇరవై ముప్పై మంది ఆడపిల్లలు తలకు గుడ్డ చుట్టుకుని వస్తారు. ఎవరింట్లో ఏది ఉంటే అది. ఒకరిది తెలుపు, ఒకరిది నలుపు, ఒకమ్మాయిదైతే చమ్కీ అంచు. ఈ ఏడాది బడివాళ్లు నోటీసు పంపారు: యూనిఫాంలో లేని వస్త్రం ఏదీ వేసుకోకూడదు, ఇది చట్టం అని. మొన్న మంగళవారం ఇద్దరు అక్కాచెల్లెళ్లను గేటు దగ్గరే ఆపి ఇంటికి పంపేశారు. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది ఆరు. వాళ్లమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని నేరుగా నా దుకాణానికి వచ్చింది. అడిగింది ఒక్కటే. "అన్నా, యూనిఫాం చున్నీ గుడ్డ ముక్క ఏమైనా మిగిలిందా? అదే గుడ్డతో తలకు కుడితే ఒప్పుకుంటారేమో."

గుడ్డ ఉంది. పని పావుగంట. నన్ను తొలుస్తున్నది ఆ నోటీసులోని చివరి మాట. నిజంగా అలాంటి చట్టం ఉందా? నేను కుట్టి ఇచ్చాక మళ్లీ ఆపితే ఆ తల్లికి ఏమని చెప్పను? తెలిసినవాళ్లు చెప్పండి.

గడియారస్తంభం | ఆదివారం, రాత్రి 9.32

అనంతపురం నుంచి. సూటిగా చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. యూనిఫాం పెట్టిందే అందరూ ఒకేలా కనిపించడానికి. ధనవంతుడి కొడుకూ హమాలీ కొడుకూ ఒకే చొక్కా తొడుక్కునే చోటు బడి ఒక్కటే. అక్కడా ఎవరి గుర్తు వాళ్లు తగిలించుకుంటే ఇక యూనిఫాం దేనికి? చట్టం ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే తేవాలి. ఫ్రాన్స్ తెచ్చింది, ఆకాశమేమీ ఊడిపడలేదు.

పెన్నా_ఇసుక | ఆదివారం, రాత్రి 9.40

ఆకాశం ఊడిపడలేదు, నిజమే. ఇక్కడ కూడా ఊడిపడలేదు. ఇద్దరు పిల్లలు ఇంటికి వెళ్లారు, అంతే కదా.

నల్లకోటు_కడప | ఆదివారం, రాత్రి 10.25

అడిగిన ప్రశ్నకు ముందు జవాబు. బడిలో తలగుడ్డ కట్టుకోకూడదని చెప్పే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో లేదు. దేశం మొత్తానికి వర్తించేదీ లేదు. ఆ నోటీసులో ఉన్నది బడి నియమం. నియమానికీ బలం ఉంటుంది, కాదనను, కానీ దాన్ని చట్టం అనడం బెదిరింపు. నా దగ్గరికి వచ్చే వ్యాజ్యాల్లో సగం ఇలాంటి మాటల తారుమారు వల్ల వచ్చేవే.

రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ఆచరించే స్వేచ్ఛ ఇచ్చింది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే మూడు హద్దులకు లోబడి. అదే అధికరణలోని వివరణలో సిక్కులు కృపాణం ధరించడాన్ని పేరు పెట్టి మరీ రాశారు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో తలపాగా కట్టుకున్న సిక్కులకు హెల్మెట్ నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి "అందరికీ ఒకటే" అన్న సూత్రం మన చట్టంలోనే అంత గట్టిగా లేదు.

ఇక కర్ణాటక. అందరూ దాన్నే చట్టం అనుకుంటున్నారు. ఆ తలగుడ్డ వివాదం 2021 చివర్లో ఉడుపిలోని ఒక ప్రభుత్వ ప్రీ యూనివర్సిటీ కళాశాలలో మొదలైంది. 2022 ఫిబ్రవరి 5న ఆ రాష్ట్ర ప్రభుత్వం 1983 నాటి తమ విద్యా చట్టం కింద, నిర్ణయించిన యూనిఫామే వేసుకోవాలని ఒక ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న ముగ్గురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం ఆ ఉత్తర్వును సమర్థించింది. హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదంది. అప్పీలు సుప్రీంకోర్టుకు వెళితే అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరో వైపు తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్లను కొట్టేశారు, జస్టిస్ సుధాంశు ధూలియా అనుమతించారు. విషయం పెద్ద ధర్మాసనానికని ప్రధాన న్యాయమూర్తి ముందుకు వెళ్లింది. కర్ణాటక హైకోర్టు తీర్పు కర్నూలు బడిని కట్టిపడేయదు. చూపించి వాదించుకోవచ్చు, అంతే.

ప్రైవేటు బడి కాబట్టి ఇంకో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. కేరళ హైకోర్టు 2018లో ఇలాంటి వ్యాజ్యంలోనే విద్యార్థినుల వ్యక్తిగత హక్కు కన్నా సంస్థ తనను తాను నడుపుకునే హక్కు పైచేయి అంది. కాబట్టి ఆ తల్లిని కోర్టుకు వెళ్లమని నేను తొందరపెట్టను. ముందు కుట్టి ఇవ్వండి.

కత్తెర_కర్నూలు | ఆదివారం, రాత్రి 10.41

ధన్యవాదాలు సార్. చట్టం కాదన్న ఒక్క ముక్క తెలిసింది, చాలు. రేపు పొద్దున్నే కుడతాను.

గడియారస్తంభం | సోమవారం, ఉదయం 7.15

వకీలు గారు చెప్పిన మినహాయింపులే నా బాధ. ఒకరికి కృపాణం, ఒకరికి తలపాగా, ఒకరికి తలగుడ్డ. రేపు కాషాయ కండువా వేసుకుని వస్తే? కర్ణాటకలో జరిగింది అదే కదా. ఒకరు తలగుడ్డతో వస్తే ఇంకొకరు కండువాతో వచ్చారు. తరగతి గది కాస్తా ఊరేగింపు అయింది.

బళ్లారి_దారి | సోమవారం, ఉదయం 8.02

గుంతకల్లు నుంచి రాస్తున్నాను. బళ్లారి మాకు రైల్లో గంట దూరం, సగం బంధువులు అక్కడే. మా అక్క కూతురు ఆ ఏడాది అక్కడ ఇంటర్ రెండో సంవత్సరం. మొదటి సంవత్సరమంతా తలగుడ్డతోనే వెళ్లింది, ఎవరూ ఏమీ అనలేదు. ఫిబ్రవరిలో ఒకరోజు ఉదయం గేటు దగ్గర ఒక బల్ల వేసి, తీసి దాని మీద పెట్టి లోపలికి వెళ్లమన్నారు. చుట్టూ మగపిల్లలు, ఫోన్లు పట్టుకున్న విలేకరులు. మా పిల్ల తీయలేదు. అలాగని గొడవా చేయలేదు. వెనక్కి తిరిగి బస్సెక్కింది. ప్రయోగ పరీక్షలు పోయాయి. మరుసటి ఏడాది ప్రైవేటుగా కట్టి రాసింది.

కండువా వాళ్ల గురించి అడిగారు కదా అన్నా. ఆ కండువాలు వారం రోజుల్లో మాయమయ్యాయి. ఎందుకంటే అవి తలగుడ్డ పోవాలని వేసుకున్నవి. పని అయిపోయింది, తీసేశారు. మా పిల్లది అలా వేసుకున్నది కాదు.

బురుజునీడ | సోమవారం, ఉదయం 11.20

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ఇల్లు. ముప్పై మూడేళ్లలో ఎన్నో బడులు తిరిగాను. ఒక జ్ఞాపకం చెబుతాను, ఎవరినీ ఎత్తిపొడవడానికి కాదు.

ఒక డిసెంబరులో ఎనిమిదో తరగతి కుర్రాడు అయ్యప్ప మాల వేసుకుని వచ్చాడు. నల్ల చొక్కా, నల్ల లుంగీ, మెడలో మాల, నుదుట విభూతి, కాళ్లకు చెప్పులు లేవు. పీఈటీ కొత్తగా వచ్చినవాడు. యూనిఫాం ఏదిరా అని ప్రార్థన వరుస లోంచి బయటికి లాగి నిలబెట్టాడు. పిల్లవాడు ఏడుస్తూ "దీక్ష సార్, నలభై ఒక్క రోజులు" అన్నాడు. ప్రధానోపాధ్యాయుడు గదిలోంచి పరుగున వచ్చి పీఈటీని అందరి ముందే మందలించాడు. "స్వామిని బయట నిలబెడతావా?" అన్నాడు. ఎందుకంటే అంతకుముందు ఏడాది ఆయనా మాలలోనే బడికి వచ్చాడు. గడ్డం పెంచుకుని, ఉత్త కాళ్లతో వచ్చి హాజరు పట్టీలో సంతకం పెట్టాడు. విద్యాశాఖ ఏమీ కూలిపోలేదు.

అదే ఆయన, మరుసటి జూన్‌లో ఏడో తరగతిలో చేరిన ఒక అమ్మాయి తలగుడ్డ చూసి నన్ను పిలిచి "ఈ అలవాటు మన బడిలో వద్దు మాస్టారూ, మీరు చెప్పండి" అన్నాడు. చెడ్డమనిషి కాదు. పేద పిల్లలకు సొంత జీతంలోంచి పరీక్ష ఫీజు కట్టిన మనిషి. ఆయన కంటికి నల్ల లుంగీ మతంగా కనిపించలేదు, ఇంట్లో దండెం మీది బట్టలా కనిపించింది. తలగుడ్డ మాత్రం మతంగా కనిపించింది. ఆ రోజు నేను ఆ మాట ఆయనతో అనలేకపోయాను. బదిలీ భయం. ఇప్పుడు పింఛను వస్తోంది కాబట్టి ఇక్కడ అంటున్నాను.

గడియారస్తంభం | సోమవారం, మధ్యాహ్నం 1.05

మాస్టారూ, మాల నలభై ఒక్క రోజులు. తలగుడ్డ జీవితాంతం. రెండూ ఒకటెలా అవుతాయి? అయినా నా మాట మీద నేను నిలబడతాను. బడిలో మాల కూడా వద్దు. ఫ్రాన్స్‌లో అయితే రెండూ కుదరవు. అందుకే ఫ్రాన్స్ అంటున్నాను.

లియోన్_నుంచి | సోమవారం, సాయంత్రం 6.48

పదకొండేళ్లుగా ఫ్రాన్స్‌లో ఉంటున్న అనంతపురం వాణ్ని. ఆ దేశాన్ని మన వాదాల్లో అందరూ వాడుకుంటున్నారు కాబట్టి అక్కడ ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

అక్కడ రెండు వేర్వేరు చట్టాలు ఉన్నాయి. 2004 మార్చి నాటిది ప్రభుత్వ బడులకు మాత్రమే. కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నం విద్యార్థులు వేసుకోకూడదు. తలగుడ్డ, యూదుల టోపీ, పెద్ద సిలువ, సిక్కు తలపాగా అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. చిన్న గొలుసు, చిన్న సిలువ ఫరవాలేదు. విశ్వవిద్యాలయాలకు వర్తించదు, ప్రైవేటు బడులకూ వర్తించదు. గమనించండి, కత్తెర గారు చెప్పిన బడి ఫ్రాన్స్‌లో ఉంటే ఆ చట్టం దాని గేటు దాటి లోపలికి పోదు. ఇంకో ముక్క ఉంది, దీన్ని మనవాళ్లు ఎవరూ చెప్పరు. విద్యార్థి మీద చర్య మొదలుపెట్టే ముందు ఆ పిల్లతో మాట్లాడాలని ఆ చట్టంలోనే రాశారు. గేటు దగ్గర నిలబెట్టి వెనక్కి పంపమని కాదు. 2023లో బడుల్లో అబాయా కూడా వద్దన్నారు. అబాయా మతవస్త్రమా, ఉత్త పొడుగు గౌనా అని నెలలపాటు టీవీల్లో వాదించుకున్నారు. మా పక్కింటామె నవ్వుతూ "మా అమ్మమ్మ గౌనూ అంతే పొడుగు" అంది.

రెండోది 2010 అక్టోబరు చట్టం, 2011 ఏప్రిల్ 11 నుంచి అమలు. ముఖం కనపడకుండా కప్పుకుని బహిరంగ స్థలంలో తిరగకూడదు. మతం అన్న మాటే అందులో లేదు. 150 యూరోల వరకు జరిమానా. ఒక ఆడమనిషిని బలవంతంగా ముఖం కప్పుకునేలా చేసినవాడికి మాత్రం ఏడాది జైలు, 30,000 యూరోలు. చదవడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. ఆ తర్వాత 2020లో కరోనా వచ్చింది. బస్సులో మాస్కు లేకపోతే జరిమానా, నఖాబ్ ఉంటే జరిమానా. రెండూ ఒకే ముక్కూ నోరూ. నేను మాస్కుతో ట్రాములో కూర్చుని ఎన్నోసార్లు ఈ మాట అనుకుని నవ్వుకున్నాను.

గడియారస్తంభం గారి మాట ఒకటి ఒప్పుకుంటాను. నా కొడుకు బడిలో ఎవరిది ఏ మతమో పిల్లలకు పెద్దగా పట్టదు, అది నాకు నచ్చుతుంది. అయితే ఆ ఘనత చట్టానిదో, పిల్లలదో నేను చెప్పలేను.

గడియారస్తంభం | సోమవారం, సాయంత్రం 7.10

ఐరోపా మానవ హక్కుల కోర్టు కూడా ఆ రెండో చట్టం సరైనదే అంది. అది కూడా రాయండి.

నల్లకోటు_కడప | సోమవారం, రాత్రి 8.30

అంది, 2014 జులైలో. అయితే దేని మీద నిలబెట్టిందో చూడండి. ముఖం మీద ముసుగు భద్రతకు ముప్పు కాబట్టి అందరికీ నిషేధం అన్న వాదన అక్కడ నిలవలేదు. స్త్రీల సమానత్వం పేరుతో చేసిన వాదనా నిలవలేదు. చివరికి మిగిలింది "కలిసి బతకడం", అంటే ఎదుటివారి ముఖం కనిపించాలన్న సమాజపు ఆశ. దాని మీదే చట్టం గట్టెక్కింది. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అదే చట్టం మీద ఎదురు అభిప్రాయం చెప్పింది. అంతకుముందు 2012లో, తలపాగా వల్ల ఫ్రాన్స్ బడి నుంచి తీసేసిన సిక్కు కుర్రాడి విషయంలోనూ ఆ కమిటీ అతని వైపే నిలిచింది. పెద్ద పెద్ద వేదికలే ఒక మాట మీద లేవు. మన గేటు దగ్గరి కాపలాదారుకు మాత్రం ఏ సందేహమూ లేదు.

పెన్నా_ఇసుక | సోమవారం, రాత్రి 8.37

కాపలాదారును ఎందుకు అంటారు సార్, అతనికీ యూనిఫాం ఉంది. నెల నెలా దాని డబ్బులు జీతంలో కోస్తారు.

మల్లెమొగ్గ_కడప | సోమవారం, రాత్రి 9.55

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. బురఖా గురించి ఇంతమంది మాట్లాడారు, వేసుకునేవాళ్లు ఒక్కరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నాది కడప. ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తాను. పొద్దున ఇంటి దగ్గర బురఖా వేసుకుంటాను, కేంద్రానికి వెళ్లాక తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తాను, తెల్లకోటు తొడుక్కుంటాను. తలగుడ్డ ఉంటుంది. నా చేతిలో సూది ఉన్నప్పుడు ఇంతవరకు ఎవరూ నా తల వైపు చూడలేదు, అందరూ సూది వైపే చూశారు. ముఖం కప్పుకోను. మా వదిన కప్పుకుంటుంది. ఓటు వేయడానికి వెళ్లినప్పుడు ఆడ ఉద్యోగి ముందు ముసుగు ఎత్తి చూపిస్తుంది, వేలికి సిరా వేయించుకుని వస్తుంది. అందులో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. గుర్తింపు కోసం చూపించమంటే చూపిస్తాం. తేడా చెప్పమంటే ఇదీ: చూపించమని అడగడం వేరు, తీసేసి తిరగమనడం వేరు.

మా అమ్మాయి నీట్ రాసింది. ఆచార వస్త్రాలు వేసుకునేవాళ్లు తనిఖీ కోసం ముందుగా రావాలని నిబంధన. ముందే వెళ్లాం. ఒక తెర వెనక ఆడ ఉద్యోగి చూసింది, రెండు నిమిషాలు. తలగుడ్డకు పెట్టుకున్న గుండుసూదులు మాత్రం తీసేయమంది. నాలుగు సూదులూ తీసి నా చేతిలో పెట్టి వెళ్లింది పిల్ల. లోపల మూడు గంటలకు పైగా గుడ్డ జారకుండా ఒక చేత్తో పట్టుకుంటూ రాసిందట. వచ్చాక అదొక్కటే చెప్పి విసుక్కుంది. మా పక్కన నిలబడిన ఒకామె మెట్టెలు తీయలేక సబ్బునీళ్ల కోసం వెతుక్కుంటోంది. ఇద్దరం ఒకరినొకరం చూసి నవ్వుకున్నాం.

కత్తెర అన్నా, మీకు ఒక మాట. సూదులు అక్కర్లేకుండా లోపల ఎలాస్టిక్ వేసి కుట్టండి. తొడుక్కునేలా ఉండాలి, చుట్టుకునేలా కాదు. ఆటల పీరియడ్‌లో జారదు, మెడకు చుట్టుకోదు.

కత్తెర_కర్నూలు | సోమవారం, రాత్రి 10.20

చాలా మంచి మాట ఆపా. నేను పొద్దున చున్నీలాగా అంచు కుట్టి పెట్టాను. దాన్ని విప్పి మళ్లీ కుడతాను. గడ్డం కింద అరచేతి వెడల్పు కుచ్చు పెట్టి, వెనక పావు అంగుళం ఎలాస్టిక్ వేస్తే సరిపోతుంది. చిన్నపిల్లకు తల కొలత ఇరవై ఒక్క అంగుళాలు.

గడియారస్తంభం | సోమవారం, రాత్రి 10.48

అమ్మా, మీరు మీ ఇష్టంతో వేసుకున్నారు, సరే. ఇష్టం లేకుండా వేసుకునేవాళ్ల మాటేమిటి? ఆరో తరగతి పిల్లకు ఇష్టం ఏమిటో ఎవరు అడిగారు? చట్టం ఉంటే ఆ పిల్లకు ఇంట్లో చెప్పుకోవడానికి ఒక సాకైనా దొరుకుతుంది.

అరకప్పు_చాయ్ | మంగళవారం, ఉదయం 6.30

ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. నిద్ర పట్టలేదు.

నన్ను పన్నెండో ఏట అడగకుండా వేయించారు. ఇరవై ఆరో ఏట, ఉద్యోగం వచ్చాక నేనే తీసేశాను. తీసేసినప్పుడు మా నాన్న నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతారు, ముఖం చూసి కాదు, టీవీ చూస్తూ. కాబట్టి బలవంతం అంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. గడియారస్తంభం గారి ప్రశ్న బూటకపు ప్రశ్న కాదు. మా వాళ్లలో చాలామంది దాన్ని వినడానికే ఇష్టపడరు, అది మా తప్పు.

కానీ నా పదమూడో ఏట బడిలో అలాంటి నియమం వచ్చి ఉంటే ఏమయ్యేది? మా నాన్న గుడ్డ తీయించి బడికి పంపేవారు కాదు. బడే మాన్పించేవారు. ఇంట్లో చెప్పుకునే సాకు నాకు కాదు, ఆయనకు దొరికేది. నేను ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం అన్నీ ఆ గుడ్డ కిందే సంపాదించుకున్నాను. దాన్ని తీసే బలం దాని కిందే వచ్చింది. ఇది వినడానికి వింతగా ఉంటుంది.

ఇరాన్ చూడండి. 1936లో అక్కడి రాజు రెజా షా ముసుగులు నిషేధించాడు. పోలీసులు వీధుల్లో ఆడవాళ్ల చాదర్లు లాగేశారు. ముసలివాళ్లు ఏళ్ల తరబడి గడప దాటలేదు. 1979 విప్లవం తర్వాత కట్టుకోకపోతే నేరం అన్నారు, 1983 చట్టంలో 74 కొరడా దెబ్బలు రాశారు. 2022 సెప్టెంబరులో 22 ఏళ్ల మహ్సా అమీని ఆ గుడ్డ సరిగా లేదన్న పేరుతో పోలీసుల చేతికి చిక్కి ప్రాణం పోగొట్టుకుంది. నాయనమ్మ నెత్తి మీద నుంచి లాగిన చెయ్యీ, మనవరాలి నెత్తి మీద కప్పిన చెయ్యీ ప్రభుత్వానిదే. నాకు రెండు చేతులూ వద్దు.

బురుజునీడ | మంగళవారం, ఉదయం 9.05

అమ్మా, మీ రాత రెండుసార్లు చదివాను. ఇరాన్ దాకా వెళ్లారు కాబట్టి మన పక్క సంగతీ ఒకటి. కేరళ వైపు తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ కులం స్త్రీలు రవిక తొడుక్కోకూడదన్న కట్టడి ఉండేది. దశాబ్దాల పాటు అంగళ్లలో, దారుల్లో వాళ్ల బట్టలు చింపారు. మద్రాసు గవర్నరు ఒత్తిడి వల్ల 1859 జులై 26న రాజు దిగివచ్చి అనుమతి ఇచ్చాడు. అప్పుడు కూడా, పైకులాల స్త్రీలలాగా మాత్రం కట్టుకోకూడదని షరతు పెట్టాడు. గుడ్డ ఎక్కువైందన్నా, తక్కువైందన్నా కొలబద్ద పట్టుకున్నవాడు వేసుకునేవాడు కాదు.

పెన్నా_ఇసుక | మంగళవారం, ఉదయం 9.12

మాస్టారూ, కత్తెర గారి కొలటేపును ఈ లెక్కలోకి తీసుకురాకండి. ఆయనొక్కడే ఇక్కడ కొలత అడిగి తీసుకున్నాడు.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 10.00

రాత్రి రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఒకటి ఒక మతం వాళ్లను పొరుగు దేశానికి పొమ్మన్నది, ఇంకొకటి దానికి అంతకన్నా ఘోరమైన జవాబు. ఇద్దరికీ వారం సెలవు. మిగతావాళ్లు కొనసాగించండి.

లియోన్_నుంచి | మంగళవారం, మధ్యాహ్నం 2.30

టర్కీ కథ కూడా చేర్చవచ్చు. అక్కడ విశ్వవిద్యాలయాల్లో తలగుడ్డ నిషేధం ఉండేది. 1999లో ఎన్నికల్లో గెలిచిన మెర్వే కవాక్చి తలగుడ్డతో పార్లమెంటుకు వస్తే ప్రమాణం చేయనివ్వలేదు. 2013లో ప్రభుత్వోద్యోగినులకు కూడా ఆ ఆంక్ష ఎత్తేశారు. నిషేధం ఉన్న అన్నేళ్లలో తలగుడ్డ తగ్గలేదు, తలగుడ్డల ఓట్లు పోగయ్యాయి. కెనడాలోని క్విబెక్‌లో 2019 చట్టం ఇంకో రకం. ఉపాధ్యాయులు, పోలీసులు, ప్రభుత్వ న్యాయవాదులు పనిలో మతచిహ్నాలు పెట్టుకోకూడదు, విద్యార్థులు పెట్టుకోవచ్చు. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు అదే కొలువులో ఉన్నంతకాలం మినహాయింపు. పదోన్నతి వస్తే గుడ్డ తీయాలి.

గడియారస్తంభం | మంగళవారం, రాత్రి 8.15

అరకప్పు_చాయ్ గారూ, మీ నాన్నగారి విషయంలో నేను ఆలోచించలేదు. బడి మాన్పిస్తారన్నది నిజం. మా వీధిలో కూడా ఒకరు అలాగే మానేశారు, అప్పుడు నేను కారణం అడగలేదు.

అయినా నా మనసు పూర్తిగా మారిందని చెప్పను. అధికారంలో కూర్చున్నవాడి దగ్గర గుర్తులు ఉండకూడదన్న క్విబెక్ పద్ధతి నాకు నచ్చింది. తహసీల్దారు కార్యాలయానికి వెళితే గోడ మీద దేవుడి పటాలు, బల్ల మీద కుంకుమ భరిణె. అది చూసి వెనకాల నిలబడిన వేరే మతం వాడు ఏమనుకుంటాడు? మొదలుపెట్టాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఆరో తరగతి నుంచి కాదు. ఇంతవరకు ఒప్పుకుంటాను.

బళ్లారి_దారి | మంగళవారం, రాత్రి 8.40

ఇంతవరకు చాలన్నా. మీరు ఎప్పుడైనా గుంతకల్లు వస్తే స్టేషన్ బయట టీ నాది.

నల్లకోటు_కడప | బుధవారం, ఉదయం 7.50

కత్తెర గారికి పనికొచ్చే రెండు ముక్కలు. ఒకటి, కేంద్రీయ విద్యాలయాల్లో యూనిఫాం రంగు తలగుడ్డకు అనుమతి ఉందన్న సంగతిని కర్ణాటక వ్యాజ్యంలో న్యాయవాదులు ప్రస్తావించారు. అక్కడి విద్యార్థినులు కూడా యూనిఫాం రంగు గుడ్డే కట్టుకుంటామని అడిగారు. రెండు, ముంబయిలో ఒక కళాశాల హిజాబ్, టోపీ, బ్యాడ్జీ వద్దని ఉత్తర్వు ఇస్తే 2024 ఆగస్టు 9న సుప్రీంకోర్టు దానిలో కొంత భాగాన్ని నిలిపివేసింది. విచారణలో న్యాయమూర్తులు అడిగింది ఇదే: బొట్టు, తిలకం పెట్టుకుని వస్తే ఆపుతారా? ఈ రెండూ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆ తల్లికి ఇవ్వండి. గట్టిగా మాట్లాడవద్దని చెప్పండి. కరస్పాండెంటుకు వెనక్కి తగ్గడానికి దారి ఉండాలి. "మీ యూనిఫాం గుడ్డే సార్, చూడండి" అంటే చాలు.

కత్తెర_కర్నూలు | శుక్రవారం, రాత్రి 9.30

ఏం జరిగిందో చెప్పాలి కదా.

బుధవారం సాయంత్రం రెండూ తయారయ్యాయి. ముదురు నీలం, యూనిఫాం తానులోంచే కోశాను. పిల్లలు దుకాణంలోనే తొడుక్కుని చూసుకున్నారు. చిన్నది అద్దం ముందు గబగబా తల అటూ ఇటూ ఊపి, జారలేదని నవ్వింది. పెద్దది నవ్వలేదు. "అంకుల్, గురువారం కూడా ఆపితే ఈ గుడ్డ మీరు వెనక్కి తీసుకుంటారా?" అని అడిగింది. డబ్బులు వాళ్లమ్మకు బరువని ఆ పిల్లకు తెలుసు. తీసుకుంటానన్నాను.

గురువారం నేనూ వెళ్లాను, కొంచెం దూరంగా బండి మీద కూర్చున్నాను. కాపలాదారు ఆపాడు, లోపలికి ఫోను చేశాడు. కరస్పాండెంటు బయటికి వచ్చి గుడ్డ అంచు వేళ్లతో పట్టుకుని చూశాడు, మేం తానుల దుకాణంలో చూసినట్టే. కాగితం చదవనైనా చదవలేదు. పిల్లలను లోపలికి పంపించాడు.

ఇవాళ బడి నుంచి తల్లిదండ్రులందరికీ కొత్త నోటీసు వచ్చింది. యూనిఫాం రంగు తలగుడ్డకు అనుమతి ఉంది. అయితే దాన్ని బడి కౌంటర్‌లోనే కొనాలి. 280 రూపాయలు. నేను కుట్టినదానికి గుడ్డ, ఎలాస్టిక్, కూలి కలిపి 90 తీసుకున్నాను.

పెన్నా_ఇసుక | శుక్రవారం, రాత్రి 9.34

అంటే మతం మీద అభ్యంతరం 190 రూపాయలన్నమాట.

నల్లకోటు_కడప | శుక్రవారం, రాత్రి 9.50

ఈసారి నోటీసులో "ఇది చట్టం" అని ఉందా?

కత్తెర_కర్నూలు | శుక్రవారం, రాత్రి 9.58

ఉంది సార్. చివరి వరుసలో.

మల్లెమొగ్గ_కడప | శుక్రవారం, రాత్రి 10.05

వాళ్లు అమ్మేదానికి ఎలాస్టిక్ ఉందా అన్నా?

కత్తెర_కర్నూలు | శుక్రవారం, రాత్రి 10.11

లేదు ఆపా. ఉత్త చదరపు గుడ్డ, పీకో కూడా వంకర. ఇద్దరు తల్లులు అప్పుడే తెచ్చి నా బల్ల మీద పెట్టారు, ఎలాస్టిక్ వేసి ఇవ్వమని. రేపు పొద్దున కుడతాను.